నల్ల నక్షత్రపు ఓడలు: మార్కస్ గార్వే ఉద్యమంపై ఒక వేదాంత విమర్శ

అణగద్రొక్కబడిన ఒక జాతి తన స్వంత ఓడలను సముద్రంలోకి దింపాలనుకోవడం వ్యాపారమా, రాజకీయమా, లేక విశ్వాసమా? 1919లో మార్కస్ గార్వే న్యూయార్క్ నగరంలోని హార్లెంలో నెలకొల్పిన బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీని గురించి వ్రాసినవారందరూ ఏదో ఒక రీతిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారే. ఆ జవాబులను పరిశీలించి, వాటిలో దేనిని అంగీకరించాలో, దేనిని దిద్దుకోవాలో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లజాతి వేదాంతం మన తరగతులలో సాధారణంగా జేమ్స్ కోన్ 1969, 1970 సంవత్సరాలలో ప్రచురించిన గ్రంథాలతో మొదలవుతుంది. భారతదేశంలో 1980లలో రూపుదిద్దుకొన్న దళిత వేదాంతం దానినుండి ప్రేరణ పొందిన సంగతి కూడ విద్యార్థులు ఎరిగినదే. అయితే కోన్‌కు అర్ధశతాబ్దం ముందే, సెమినరీ గడప త్రొక్కని ఒక అచ్చు పనివాడు నిర్గమకాండమును, కీర్తన 68:31ని పేద నల్లజాతి ప్రజల నోట నానేటట్లు చేశాడు. ఆయన చేత పట్టిన సాధనం గ్రంథం కాదు, ఓడ. ఆ ప్రయత్నం ఎందుకు లేచింది, ఎందుకు కూలింది అనే రెండు ప్రశ్నలూ సంఘ కాపరులకు సంబంధించినవే అని మా అభిప్రాయం.

ఓడ ఎందుకు?

అట్లాంటిక్ బానిస వ్యాపారం నాలుగు శతాబ్దాలలో సుమారు 1,25,00,000 మంది ఆఫ్రికా ప్రజలను ఓడలకెక్కించింది. వారిలో ఎంతోమంది దారిలోనే మరణించారు. కాబట్టి ఆ జాతి జ్ఞాపకంలో ఓడ అంటే సంకెళ్ళు. అదే ఓడకు తామే యజమానులు కావాలని, తమవాడే దానికి కెప్టెన్ కావాలని వారు కోరడంలో ఎంత లోతైన తిరుగుబాటు ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ కోరిక గార్వేతో పుట్టలేదు. మసాచుసెట్స్‌లో 1759లో జన్మించిన పాల్ కఫ్ తండ్రి పశ్చిమ ఆఫ్రికానుండి బానిసగా తేబడి విడుదల పొందినవాడు, తల్లి స్థానిక వాంపనోగ్ తెగ స్త్రీ. ఓడల యజమానిగా ఎదిగి, క్వేకర్ సమాజంలో చేరిన కఫ్, 1815 డిసెంబరులో తన స్వంత ఓడ 'ట్రావెలర్'లో 38 మందిని సియర్రా లియోన్‌కు తీసికొనిపోయాడు. 1878లో దక్షిణ కరోలినాకు చెందిన నల్లజాతివారు, వారిలో మెథడిస్టు పాదిరులు ముఖ్యులుగా, వాటాలు అమ్మి 'అజోర్' అనే ఓడను కొన్నారు. అది 206 మందితో లైబీరియాకు బయలుదేరింది. ప్రయాణంలో 23 మంది చనిపోయారు. తరువాత అప్పుల మూలంగా ఆ కంపెనీ ఓడనే పోగొట్టుకొంది. ఆ ఓడను ప్రతిష్ఠించిన సభలో మాటలాడిన హెన్రీ మెక్‌నీల్ టర్నర్ తరువాత బిషప్ అయ్యాడు. దేవుడు నల్లవాడని 1898లో వ్రాసి సంచలనం కలిగించినవాడు ఈయనే. 1914లో గోల్డ్ కోస్ట్ దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ శామ్ ఓక్లహోమా నల్లజాతి రైతులను వెంటబెట్టుకొని 'లైబీరియా' అని పేరుపెట్టిన ఓడలో ఆఫ్రికాకు బయలుదేరాడు.

ఈ వరుసను గార్వే జీవిత చరిత్రకారులు తరచు ఉపోద్ఘాతంగా మాత్రమే చెప్పి వదిలివేస్తారు. మా దృష్టిలో అది ఉపోద్ఘాతం కాదు. కఫ్, టర్నర్ ఇద్దరికీ ఓడ ప్రయాణం విశ్వాస కార్యమే. గార్వే ఆ సంప్రదాయానికి వారసుడు.

జరిగిన సంగతులు

గార్వే 1887 ఆగష్టు 17న జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో జన్మించాడు. మధ్య అమెరికాలో తిరిగి, అరటి తోటలలోను పనామా కాలువ వద్దను శ్రమపడే కరీబియన్ నల్లజాతి కూలీల దుస్థితిని చూశాడు. కాలువ పనిలో తెల్లవారికి బంగారు పట్టీ, నల్లవారికి వెండి పట్టీ అని జీతాల జాబితాలే వేరుగా ఉండేవి. 1914లో కింగ్‌స్టన్‌లో యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ స్థాపించి, 1916లో అమెరికా చేరాడు. 1918లో 'నీగ్రో వరల్డ్' పత్రిక ప్రారంభించాడు. 1919 జూన్‌లో బ్లాక్ స్టార్ లైన్ డెలవేర్ రాష్ట్రంలో రిజిస్టరు అయింది. తెల్లవారి వైట్ స్టార్ లైన్‌కు ఆ పేరే జవాబు.

వాటా ధర 5 డాలర్లు. ఒక వ్యక్తి 200 వాటాలకు మించి కొనరాదు. అంటే ధనవంతుని చేతికి కంపెనీ చిక్కకుండ, ఇండ్లలో పనిచేసే స్త్రీకి, రైల్వే కూలీకి, చెరకు తోట పనివానికి దానిలో పాలు ఉండేటట్లు నియమం పెట్టారు. కొద్ది సంవత్సరాలలో సుమారు 7,50,000 డాలర్ల వాటాలు అమ్ముడుపోయాయి.

మొదటి ఓడ 'యార్మత్' 1887లో కట్టినది. యుద్ధకాలంలో బొగ్గు మోసి అరిగిపోయిన ఆ ఓడను 1,65,000 డాలర్లకు కొన్నారు. కెప్టెన్ జాషువా కాక్‌బర్న్ నల్లజాతివాడే. ఈ కొనుగోలులో ఆయన దళారినుండి కమీషన్ తీసికొన్న సంగతి తరువాత కోర్టులో బయటపడింది. 1920 జనవరిలో అమెరికాలో మద్య నిషేధం అమలులోకి రాబోతుండగా, క్యూబాకు విస్కీ చేరవేసే ఒప్పందం చాల తక్కువ కిరాయికి కుదుర్చుకొన్నారు. సరుకును సరిగా సర్దకుండ తొందరగా బయలుదేరిన ఓడ మధ్యలోనే వెనుకకు రావలసివచ్చింది. సరుకులో కొంత సముద్రం పాలు, కొంత దొంగల పాలు అయింది. హడ్సన్ నదిలో విహారానికి 'షేడీసైడ్', కరీబియన్ తీరాలకు 'కనావా' అనే మరి రెండు పాత ఓడలు కొన్నారు. ఒక్కటి కూడ ఆఫ్రికా చేరలేదు. 1921లో యార్మత్ వేలంలో 1,625 డాలర్లకు పోయింది. 1922లో కంపెనీ మూతపడింది.

ఇందులో ఒక సంఘటన మమ్మును ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది. యార్మత్‌పై అధికారిగా పనిచేసిన హ్యూ ముల్జాక్ తన ఆత్మకథలో దానిని చెప్పాడు. జమైకానుండి న్యూయార్క్‌కు కొబ్బరికాయల లోడుతో వస్తున్న ఓడను దారిలో ఫిలడెల్ఫియా, బోస్టన్ రేవులలో ఆపమని ఆజ్ఞ వచ్చింది. ప్రజలకు ఓడను చూపించి వాటాలు అమ్మడానికి. ఈలోగా కాయలు కుళ్ళిపోయాయి, సరుకుదారుకు నష్టపరిహారం చెల్లించవలసివచ్చింది. అదే ముల్జాక్, క్యూబాలోను, కోస్టారికాలోను, పనామాలోను నల్లజాతి కూలీలు పనులు మాని, పండ్లు పువ్వులు పట్టుకొని ఓడను చూడవచ్చిన దృశ్యాన్ని కూడ వర్ణించాడు. కుళ్ళిన కొబ్బరికాయలు, రేవుకు పరుగెత్తిన ప్రజలు: ఈ రెండింటినీ కలిపి చూడగలిగినప్పుడే ఈ చరిత్ర అర్థమవుతుంది.

మూడు వ్యాఖ్యానాలు

మొదటిది ఎడ్మండ్ డేవిడ్ క్రోనన్ 1955లో ప్రచురించిన 'బ్లాక్ మోజెస్'. ఇది గార్వేపై వెలువడిన మొదటి సమగ్ర పరిశోధన. ఓడల ధరలు, మరమ్మతులు, నష్టాలు ఆయన ఓపికతో లెక్కగట్టాడు. ఆయన చూపిన గార్వే జనాన్ని కదిలించగల ప్రతిభాశాలి, వ్యాపారం తెలియనివాడు. ఈ తీర్పులో నిజం ఉంది. కాని క్రోనన్ తన గ్రంథానికి మోషే పేరు పెట్టి కూడ, ప్రజలు ఆయనను మోషేగా ఎందుకు చూశారో వేదాంతపరంగా విచారించలేదు. వారి విశ్వాసం ఆయనకు మనస్తత్వ విషయం మాత్రమే.

రెండవది రాండల్ బర్కెట్ 1978లో వెలువరించిన 'గార్వేయిజం యాజ్ ఎ రిలిజియస్ మూవ్‌మెంట్'. సెమినరీ విద్యార్థులు తప్పక చదువవలసిన పుస్తకం ఇది. గార్వే సభలు కీర్తనలు, ప్రార్థన, ప్రసంగంతో ఆరాధన క్రమంలోనే సాగేవని, అనేకమంది పాదిరులు ఉద్యమంలో నాయకత్వం వహించారని ఆయన ఆధారాలతో చూపించాడు. 'పౌర మతం' అనే రాబర్ట్ బెల్లా భావనను ఉపయోగించి, ఇది నల్లజాతి పౌర మతమని నిర్ధారించాడు. బర్కెట్ చేసిన మేలు గొప్పది. అయితే ఆయన వ్యాఖ్యానంలో జెండాకు, గీతానికి, ప్రశ్నోత్తరావళికి ఉన్న చోటు బ్యాంకు ఖాతాకు లేదు. మతం ఒక గదిలో, డబ్బు మరొక గదిలో ఉండిపోయాయి.

మూడవది జూడిత్ స్టైన్ 1986లో వ్రాసిన 'ది వరల్డ్ ఆఫ్ మార్కస్ గార్వే'. ఆమె వర్గ దృష్టితో చూసి, ఈ కంపెనీ నల్లజాతి మధ్యతరగతి వ్యాపార ఆశయాలకు ప్రతిబింబమని, కూలీల అవసరాలను అది తీర్చజాలదని వాదించింది. జాతి ఐక్యత పేరిట పేదవాని ప్రయోజనం ఎలా మరుగునపడుతుందో ఈ గ్రంథం బాగా చూపిస్తుంది. కాని 5 డాలర్లు ఇచ్చిన స్త్రీ తాను లాభాంశం కొరకు మాత్రమే ఇవ్వలేదన్న సంగతిని ఆమె తగినంతగా పట్టించుకోలేదు. క్రోనన్ లెక్కలు చూశాడు, బర్కెట్ విశ్వాసం చూశాడు, స్టైన్ వర్గం చూసింది. లెక్కలే విశ్వాస విషయమన్న మాట ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. మేము చెప్పదలచినది అదే.

ఓడ చేరని చోటికి సంఘం

ఆంటిగ్వాలో పుట్టిన ఎపిస్కోపల్ పాదిరి జార్జి అలెగ్జాండర్ మెక్‌గ్వైర్ 1920లో ఈ ఉద్యమానికి ప్రధాన చాప్లెన్ అయ్యాడు. 1921లో ఆయన కూర్చిన ప్రశ్నోత్తరావళి, దేవుడు ఆత్మ గనుక ఆయనకు రంగు లేదని నేర్పుతూనే, నల్లవాడు దేవుని తనకు పోలికగా ఊహించుకోవడం న్యాయమని వాదించింది. తెల్లని క్రీస్తు పటాలే గోడలపై ఉన్న ఆ కాలంలో ఇది చిన్న మాట కాదు. అదే సంవత్సరం ఆయన ఆఫ్రికన్ ఆర్థొడాక్స్ సంఘాన్ని స్థాపించాడు. ఉద్యమానికి అదే అధికారిక సంఘం కావడానికి గార్వే ఒప్పుకోలేదు. బాప్టిస్టులు, మెథడిస్టులు, కతోలికులు అందరూ తన సభ్యులే కదా.

చరిత్ర ఇక్కడ ఒక విశేషం చూపిస్తుంది. ఒక్క ఓడ కూడ ఆఫ్రికా తీరం చేరలేదు గాని, 'నీగ్రో వరల్డ్' పత్రిక చేరింది. దాని ద్వారా మెక్‌గ్వైర్ సంఘాన్ని గూర్చి తెలిసికొన్న దక్షిణ ఆఫ్రికాలోని డేనియల్ విలియం అలెగ్జాండర్ 1924లో దానిలో చేరడానికి పూనుకొని, 1927లో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఉగాండాలో రూబెన్ స్పార్టస్ 1929లో అదే మార్గం పట్టాడు. తరువాత ఆయన సంఘం అలెగ్జాండ్రియా పేట్రియార్క్ పరిధిలోని ఆర్థొడాక్స్ సంఘంతో ఏకమైంది. తూర్పు ఆఫ్రికాలో నేడున్న ఆర్థొడాక్స్ సంఘాల చరిత్రలో హార్లెం ఉద్యమానికి ఈ విధంగా పాలు ఉంది. బ్లాక్ స్టార్ లైన్‌ను కేవలం వైఫల్యంగా లెక్కించేవారు ఈ ఫలాన్ని ఏ పద్దులో వేస్తారు?

లెక్కల పుస్తకమూ లేఖనమే

గార్వే అనుచరులు తమను ఇశ్రాయేలీయులతో పోల్చుకొన్నారు. ఆ పోలికను మేము కాదనము. దానిని చివరివరకు చదవాలని మాత్రమే అంటున్నాము. నిర్గమకాండము సముద్రం చీలడంతో ముగియదు. 35వ అధ్యాయంలో ప్రజలు మనఃపూర్వకంగా కానుకలు తెస్తారు. 38:21 మొదలుకొని ఆ కానుకల లెక్క ఉంటుంది. యాజకుడైన ఈతామారు ఆధ్వర్యంలో లెక్క వ్రాయబడింది. తలకు అరతులము చొప్పున వచ్చిన వెండిలో 1,775 తులములు స్తంభాల వంకులకు, వాటి బోదెల రేకులకు, పెండెబద్దలకు వినియోగమైనట్లు 28వ వచనం తెలుపుతుంది. ప్రసంగాలలో మనం దాటవేసే భాగమిది. కాని తన అరతులము ఏ వంకుగా మారిందో పేద ఇశ్రాయేలీయుడు తెలిసికొనగలిగాడు. విమోచన గ్రంథంలోనే ఖర్చుల పట్టిక ఉండడం యాదృచ్ఛికం కాదు.

పౌలు యెరూషలేము పేదలకొరకు చందా పోగుచేసినప్పుడు కూడ, తనపై ఎవరూ తప్పు మోపకుండ మరి కొందరిని తోడుగా పంపాడు. ప్రభువు ఎదుట మాత్రమే గాక మనుష్యుల ఎదుట కూడ యోగ్యంగా ఉండాలన్నది 2 కొరింథీ 8:20-21లోని ఆయన నియమం.

ఈ వెలుగులో చూస్తే బ్లాక్ స్టార్ లైన్‌లోని లోపం ఎక్కడుందో స్పష్టమవుతుంది. పెద్ద కల కనడం లోపం కాదు. పాత ఓడ కొనడం కూడ కాదు. అదే 1919లో బొంబాయి వర్తకులు నెలకొల్పిన సింధియా కంపెనీ కూడ గ్వాలియర్ మహారాజు వద్ద కొన్న వాడిన ఓడ 'లాయల్టీ'తోనే ఏప్రిల్ 5న లండన్‌కు బయలుదేరింది. బ్రిటిషు కంపెనీల పోటీని తట్టుకొని నిలిచిన ఆ సంస్థే 1941లో మన విశాఖపట్నంలో ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది వేయించింది. 1948లో 'జల ఉష' అక్కడినుండే నీటిలోకి దిగింది. వలస పాలనలో ఉన్నవారు ఓడలను జాతి నిర్మాణంగా భావించడం వెర్రి కాదని దీనివలన తెలుస్తుంది. కాని బొంబాయి వర్తకులకు నష్టాన్ని ఓర్చుకొనే పెట్టుబడి ఉంది. గార్వేకు పెట్టుబడి పేదవాని నమ్మకమే. నష్టాన్ని దాచిపెట్టే కొలది ఆ నమ్మకం తరిగిపోక తప్పదు. ఆఫ్రికాకు వెళ్ళవలసిన ఓడకు ఆఫ్రికా అమెరికన్ కవయిత్రి ఫిలిస్ వీట్లీ పేరు పెడతామని ప్రకటించి, ఇంకా చేతికి రాని ఓడ బొమ్మపై ఆ పేరు వేసి కరపత్రంలో అచ్చువేశారు. లేని ఓడను ఉన్నట్లు చూపిన ఆ బొమ్మే తరువాత కేసుకు ఆధారమైంది. వాగ్దానం చేయడం ప్రవచనం. వాగ్దానం నెరవేరిందని చెప్పడం సాక్ష్యం. ఈ రెండింటి హద్దు చెరిపివేయడం అబద్ధ సాక్ష్యం.

పగబట్టిన ప్రభుత్వం

అయితే ఇక్కడ ఆగితే మనం అన్యాయం చేసినవారమవుతాము. 1919లోనే ఎడ్గర్ హూవర్ గార్వేను దేశం నుండి పంపివేయడానికి ఏ చట్టమూ అక్కరకు రావడం లేదని విచారపడుతూ వ్రాశాడు. ఉద్యమంలోకి నల్లజాతి గూఢచారులను పంపారు. ముందు మనిషిని ఎన్నుకొని, తరువాత నేరాన్ని వెదికారన్నమాట. 1923లో తపాలా మోసం కేసులో నలుగురిపై విచారణ జరుగగా ముగ్గురు విడుదలయ్యారు, గార్వే ఒక్కనికే శిక్ష పడింది. ఆ శిక్షకు ఆధారమైన ప్రధాన సాక్ష్యం ఒక ఖాళీ కవరు. దానిలో ఏముండేదో నిరూపించలేదు. అయిదేండ్ల శిక్షను ప్రెసిడెంట్ కూలిడ్జ్ 1927లో తగ్గించగా, ఆయనను జమైకాకు పంపివేశారు. 1940 జూన్ 10న లండన్‌లో మరణించాడు. 2025 జనవరి 19న ప్రెసిడెంట్ బైడెన్ ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ప్రసాదించాడు.

కొందరు దీనిని బట్టి గార్వే లెక్కలు కూడ నిర్దోషమైనవని చెప్పబూనుతారు. అది సరికాదు. ప్రభుత్వ అన్యాయం నాయకుని బాధ్యతను రద్దు చేయదు. నాయకుని తప్పు ప్రభుత్వ కుట్రను సమర్థించదు. పైగా, శత్రువు కాచుకొని ఉన్న చోట పేదల డబ్బు పట్టుకొన్నవాడు ఇతరులకంటె రెండింతలు జాగ్రత్తగా లెక్క ఉంచాలి. దానియేలుపై నేరం వెదకినవారికి రాజ్య వ్యవహారాలలో ఏ తప్పూ దొరకలేదన్నది దానియేలు 6:4 చెప్పే సంగతి.

కనానీయుల ప్రశ్న

ముగ్గురు వ్యాఖ్యాతలూ వేయని మరొక వేదాంత ప్రశ్న ఉంది. వాగ్దాన దేశంలో అప్పటికే నివసిస్తున్నవారి సంగతేమిటి? 1914 నాటి సంస్థ ఆశయాలలో ఆఫ్రికాలోని 'వెనుకబడిన తెగలను' నాగరికులుగా చేయడం ఒకటి. ఇది మిషనరీల భాషే, నల్లవాని నోట వచ్చినది. 1920లో లైబీరియాకు వెళ్ళిన సంస్థ ప్రతినిధి ఎలీ గార్సియా, అమెరికానుండి వచ్చి స్థిరపడిన నల్లజాతి కులీనులు స్థానిక తెగలను బానిసలవలె చూస్తున్నారని నివేదిక వ్రాశాడు. విడుదల పొందిన బానిసల సంతానమే క్రొత్త యజమానులైన వైనం అది. 1924లో లైబీరియా ప్రభుత్వం గార్వే వలస ప్రణాళికను తిరస్కరించింది. 1926లో ఫైర్‌స్టోన్ రబ్బరు కంపెనీకి పది లక్షల ఎకరాలను 99 సంవత్సరాలకు, ఎకరానికి 6 సెంట్ల కౌలుకు ఇచ్చింది. స్థానిక తెగలను ఎవరూ అడుగలేదు. అమెరికా ఆదివాసి పండితుడు రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో, విమోచన వేదాంతులు నిర్గమ కథను కనానీయుల వైపునుండి చదువలేదని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. గార్సియా నివేదికను ఉద్యమం ఆత్మపరీక్షకు ఉపయోగించుకొని ఉంటే దాని జాతి నిర్మాణం వేరుగా ఉండేది.

ముగింపు

1957లో స్వతంత్రం పొందిన ఘనా దేశం తన జెండాలో నల్ల నక్షత్రాన్ని నిలిపింది, తన ఓడల సంస్థకు బ్లాక్ స్టార్ లైన్ అనే పేరు పెట్టింది. అవమానపడిన జాతికి తన గౌరవాన్ని కంటితో చూపించడంలో గార్వే విజయం పొందాడన్న సంగతికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. క్రోనన్ తీర్పును ఈ మేరకు సవరించవలసి ఉంది.

అయినను ఘనా జెండాను చూపి, 5 డాలర్లు పోగొట్టుకొన్న స్త్రీని మరచిపోకూడదు. మన సంఘాలలో కూడ మందిర నిర్మాణానికి, పాఠశాలకు, ఆసుపత్రికి విశ్వాసులు పిడికెడు బియ్యంలోనుండి, దినకూలిలోనుండి ఇస్తారు. అటువంటి కానుకలను అడిగే సేవకునికి దర్శనం ఉండాలి. గార్వే వద్ద అది సమృద్ధిగా ఉంది. దానితోపాటు ఈతామారు పుస్తకం కూడ ఉండాలి. ఆ పుస్తకం సంఘం ఎదుట తెరవబడాలి, నష్టం వచ్చిన సంవత్సరంలో మరి ముఖ్యంగా. లూకా 14:28-30లో గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పిన మాటను సాధారణంగా శిష్యత్వపు వెల అని బోధిస్తాము. అది నిజమే. అయితే ఆయన ఎన్నుకొన్న ఉదాహరణ కట్టడం ఖర్చు. దానిని కూడ బోధించవలసినదే.